ఎదురింటి ఇంజన్

నాకు అసూయ ఎక్కువ. ఇంట్లో వాళ్లు ఈ మాటంటే ఒప్పుకోను గాని, కాగితం మీద ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. ప్రమోషన్ వచ్చినవాణ్ణి చూసి ఏడవలేదు, మధురవాడలో ఫ్లాటు కొన్నవాణ్ణి చూసి ఏడవలేదు. ఒక డీజిల్ ఇంజన్‌ను చూసి మాత్రం పదేళ్లు ఏడ్చాను. అది మా ఎదురు క్వార్టర్‌లో ఉండే బావ జీపులోది.

బావ అంటే చుట్టరికం ఏమీ లేదు, ఒకరినొకరం అలా పిలుచుకుంటాం. విశాఖ ఉక్కునగరంలో ఒకే మెట్ల మీద మావి ఎదురెదురు తలుపులు. ఫ్యాక్టరీలో ఇద్దరిదీ ఒకటే మెయింటెనెన్స్ షాపు. మా ఆవిడ ఆయన్ని అన్నయ్య అంటుంది, మా అమ్మాయి మావయ్య అంటుంది. ఇద్దరం ఒకే వానాకాలంలో చెరో పాత జీపూ కొన్నాం. అడవి దారులకీ, కొండ దారులకీ పనికొచ్చే నాలుగు చక్రాల డ్రైవు బళ్లు అవి. బావ జీపుకు ఆర్‌సీ బుక్కులో ఉన్న నంబరే ఇంజన్ మీదా ఉంది. బానెట్ మీద చెయ్యేసి, "పుట్టినప్పటి ఇంజన్ బావా ఇది, ఎవుడూ సెయ్యెట్టలేదు" అనేవాడు. ఆ మాట వారానికి రెండుసార్లయినా నా చెవిన పడేది.

నా జీపు తగరపువలసలో దొరికింది. బుక్కులో పెట్రోలు అని ఉంది, బానెట్ ఎత్తితే డీజిల్ ఇంజన్ కూర్చుని ఉంది. అమ్మినవాడిని అడిగితే, తాను కొన్నప్పటికే అలా ఉందన్నాడు. అది ఏ ఇంజనో తేలితే తప్ప ఆర్‌సీలో ఎక్కించుకోలేను, సామాను కొనలేను. చివరికి వన్‌టౌన్‌లో ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్లాను. వాళ్లది మూడు తరాలుగా హార్బరు బోట్ల ఇంజన్లు బాగుచేసే కుటుంబం. అందరూ ఆయన్ని భాయ్ అనే పిలుస్తారు.

భాయ్ నన్ను ఏమీ అడగలేదు. కిరసనాయిలుతో ఇంజన్ బ్లాకు పక్కన మడ్డి కడిగి, తీగ బ్రష్షుతో రుద్ది, సుద్దముక్క అడ్డంగా రాశాడు. బ్లాకు పోత పోసినప్పుడే పడ్డ అంకెలు తెల్లగా పైకి తేలాయి. తర్వాత డీజిల్ పంపు మీది రేకు చదివాడు. నీళ్ల గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టి గోకాడు.

"టెంపో కోసం పుట్టింది సాబ్. తర్వాత బోటులో బతికింది. సూడండి, ఉప్పు ఎలా తినీసిందో. ఆర్‌సీ బుక్కు పట్టుకుని దీనికి సామాను కొనకండి. ఏది మార్చాలన్నా పాతది సేత్తో పట్టుకెళ్లి, కొత్తది దాని మీద పెట్టి సూసుకోండి."

మర్నాడు షాపులో బావ అందరి ముందూ, "ఇంజనుతోటి వల కూడా ఇచ్చేరేటి బావా?" అన్నాడు. షిఫ్టంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు.

ఆ బోటు ఇంజన్‌ను మనిషిని సాకినట్టు సాకాను. ఉప్పు తిన్న ఇంజన్ కాబట్టి రెండు నెలలకోసారి రేడియేటర్ నీళ్లు పూర్తిగా దింపి, తుప్పు పట్టకుండా మందు కలిపిన కొత్త నీళ్లు పోసేవాణ్ణి. ఫిల్టరు మార్చాలంటే పాత ఫిల్టరు సంచీలో వేసుకుని ఊరంతా తిరిగేవాణ్ణి. బెల్టు ఒక కంపెనీ వాహనానిది సరిపోయింది, గొట్టం ఇంకో దానిది. చలికాలం పొద్దున్నే దాని దగ్గు విని సెక్టారులో వాళ్లు గడియారం చూసుకునేవారు. బావ జీపు మాత్రం తాళం తిప్పగానే గుర్రుమని ఒక్కసారి అని, చెప్పినమాట వినే పిల్లలా నిలబడేది.

బావ పద్ధతి ఫ్యాక్టరీ పద్ధతి. మా దగ్గర ప్రతి యంత్రానికీ ఒక హిస్టరీ కార్డు ఉంటుంది. బావ కూడా జీపుకు ఒక రిజిస్టరు పెట్టి, ఏ తేదీన ఏ ఆయిలు పోశాడో, వాల్వుల సందు ఎంత పెట్టాడో ఎర్ర సిరాతో గీతలు గీసి రాసేవాడు. లెక్కలన్నీ ఆ ఇంజన్ కంపెనీ పుస్తకంలోవే. తనిఖీకి ముందు యంత్రాలకు రంగు వెయ్యడం మాకు అలవాటు కదా, ఏటా విశ్వకర్మ పూజకు ముందు ఇంజన్‌కు వెండి రంగు కొట్టేవాడు. పూజ రోజున మా మెట్ల ముందు రెండు జీపులూ పక్కపక్కనే నిలబెట్టి గుమ్మడికాయలు కొట్టేవాళ్లం. జనం బావ బానెట్ ఎత్తించి ఫొటోలు తీసుకునేవాళ్లు. నా బానెట్ ఎత్తమని అడిగినవాడు ఒక్కడూ లేడు.

"అన్నయ్య జీపులో అయితే నడుం నొప్పి రాదు" అని మా ఆవిడ భీమిలి వెళ్లినప్పుడల్లా అందులోనే ఎక్కేది. అదీ ఓర్చుకున్నాను. మా అమ్మాయికి ఇరవై నిండాక డ్రైవింగ్ నేర్పుతానంటే, "మీ బండి గేరు పడదు నాన్నా, మావయ్య దాంట్లో నేర్చుకుంటా" అంది. పరవాడ రోడ్డు మీద ఆదివారం ఉదయాలు బావ పక్కసీటులో కూర్చుని నేర్పేవాడు. తిరిగొచ్చి నా కూతురు నా ఎదుటే ఆయనకు దణ్ణం పెట్టి, "థాంక్యూ గురువుగారూ" అనేది. నా కళ్లలో కారం కొట్టినట్టుండేది.

నిరుడు ఎండాకాలంలో బావ ఇంజన్ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. తెల్లపొగ, పొద్దున్నే రేడియేటర్ సగం ఖాళీ. ఇంజన్ పైమూత హెడ్డుకీ, కింది బ్లాకుకీ మధ్యలో ఉండే ప్యాకింగ్ కాలిపోయి ఉంటుందని ఇద్దరికీ అర్థమైంది. బావ ఆర్‌సీ నంబరు చెప్పి కొత్త ప్యాకింగ్ సెట్టు తెప్పించాడు. ఆఫ్ రోజున నన్ను తోడు పిలిచాడు.

నీళ్లు దింపడానికి నేను కింద దూరాను. బ్లాకు మీద నంబరు గుద్దిన చోట వెండి రంగు పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంది. ఎందుకు గీకానో తెలీదు, స్క్రూడ్రైవర్‌తో గీకాను. కుర్రతనంలో నేను ఫ్యాక్టరీ మిల్లులో ఉక్కు శాంపిల్ ముక్కల మీద అంకెలు గుద్దినవాణ్ణి. యంత్రం వేసిన అంకెలు ఒకే వరసలో, ఒకే లోతులో ఉంటాయి. చేత్తో సుత్తితో గుద్దినవి ఒకటి లోతుగా, ఒకటి ఒరిగి ఉంటాయి. బావ ఇంజన్ మీదవి రెండోరకం. వాటి కింద అరగదీసిన పాత అంకెల నీడ కూడా కనబడింది.

అంటే బావ జన్మలో ఎన్నడూ పుట్టినప్పటి ఇంజన్ నడపలేదు. అదే కంపెనీ వాళ్ల వేరే ఇంజన్ ఎవరో తెచ్చి పెట్టి, బుక్కులోని పాత నంబరు గుద్దేశారు. జీపు కింద వెల్లకిలా పడుకుని నేను నవ్వుకున్నాను. పదేళ్ల కడుపుమంట ఒక్కసారి చల్లారినట్టనిపించింది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. విశ్వకర్మ పూజకు జనమంతా ఉండగా, అందరూ ఫొటోలు తీస్తుండగా, చల్లగా చెబుదామనుకున్నాను.

హెడ్డు విప్పాం. పాత ప్యాకింగ్ రెండు ముక్కలుగా వచ్చింది. బావ గట్టు మీద కూర్చుని హెడ్డు మొహం గీకుతున్నాడు. నేను భాయ్ చెప్పిన అలవాటు కొద్దీ పాత ముక్కల మీద కొత్తది పెట్టి చూశాను. బోల్టుల రంధ్రాలన్నీ సరిపోయాయి. వెనక సిలిండరు దగ్గర నీళ్లు పారే రంధ్రాలు పాతదాంట్లో రెండున్నాయి, కొత్తదాంట్లో అక్కడ గట్టి రేకు ఉంది. బుక్కులోని ఇంజన్ కోసం తెచ్చిన ఆ ప్యాకింగ్ దీనికి బిగిస్తే వెనక సిలిండరుకు నీళ్లందవు. నా వేలు ఆ రేకు మీదే ఆగిపోయింది.

"అన్నీ సరిగ్గున్నాయేటి బావా?" అని బావ గీకుతూనే అడిగాడు.

"ఉన్నాయి" అన్నాను.

ఆ ఒక్కమాటకు నేను తర్వాత చాలా కారణాలు వెతుక్కున్నాను. టౌను రోడ్లలో తిరగడానికి ఏం కాదులే అనుకున్నాను. కొంచెం వేడెక్కితే తనే వచ్చి అడుగుతాడు, అప్పుడు గొప్పగా చెబుదాం అనుకున్నాను. అసలు కారణం ఒకటే. ఆ ఇంజన్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బావను నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలని నాకు ఉంది.

జీపు బాగానే నడిచింది. మూడో వారం రెండు కుటుంబాలూ అరకు బయల్దేరాం. వెళ్లేది టౌను రోడ్డు కాదని తెలిసి కూడా నోరు మెదపలేదు. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యే చోట టీ తాగాక, మా అమ్మాయి బావ జీపు స్టీరింగ్ దగ్గర కూర్చుంది.

"దిగమ్మా, ఘాటు మీద వద్దు" అన్నాను.

"నాను పక్కన ఉన్నాను కదేటి బావా, నువ్వు గాబరా పడకు" అన్నాడు బావ. నేను ఆయన మీద కుళ్లుకొద్దీ అంటున్నానని మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. నిజం చెప్పే వీలు అప్పటికీ ఉంది. అందరూ నిలబడే ఉన్నారు. నేను వెళ్లి నా జీపు ఎక్కాను, కూతురు నడిపే బండి ఎక్కడానికి భయపడి మా ఆవిడా నా పక్కనే కూర్చుంది.

ఎనిమిదో మలుపో తొమ్మిదో మలుపో, ముందున్న జీపు బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. ఇంజన్ గట్టిగా ఒక్క చప్పుడు చేసి బిగుసుకుపోయింది. ఇంజన్ ఆగిపోతే ఆ జీపుకు బ్రేకు పెడలు రాయిలా అయిపోతుంది. అది వెనక్కి కదిలింది. దాని అద్దంలో నా కూతురి కళ్లు కనిపించాయి నాకు. బావ రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు లాగాడు. మా ఆవిడ నా పక్కనుంచి దూకి వెనక చక్రం కింద రాయి పెట్టింది. జీపు నా బంపరుకు జానెడు దూరంలో ఆగింది.

నా బోటు ఇంజన్ జీపుకు తాడు కట్టి బావ జీపును కిందికి దింపాను. దారిపొడుగునా అందరూ నా జీపును మెచ్చుకున్నారు. పదేళ్లుగా వినాలనుకున్న మాటలు అవన్నీ. ఒక్కటీ చెవికి ఎక్కలేదు.

మా అమ్మాయి ఆ రోజు నుంచి స్టీరింగ్ ముట్టలేదు. ఇంజన్ వేడి చూపించే ముల్లు చూసుకోలేదనీ, మావయ్య ఇంజన్‌ను తనే కాల్చేసిందనీ దాని ఏడుపు. "నీ తప్పు కాదమ్మా, నా ఇంజనే ముసిల్ది అయిపోనాది" అని బావ ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. ఆఫీసుకు స్కూటీ కూడా మానేసి బస్సులో వెళ్లేది. భోజనాల దగ్గర ముద్ద కలిపి అలాగే కూర్చునేది. పన్నెండు రోజులు చూశాను.

పదమూడో రోజు ఎదురు తలుపు తట్టాను. నంబరు సంగతి, రంధ్రాల సంగతి, "ఉన్నాయి" అన్న సంగతి, అన్నీ నిలబడే చెప్పేశాను. బావ కుర్చీలోంచి లేవలేదు.

"నువ్వు ఆగడం నాను సూసాను" అన్నాడు. "యేలు ఎట్టి ఆగేవు. ఆగి, ఉన్నాయి అన్నావు. ఇంజన్ సంగతి నీకన్నా తెలిసినోడు మన షాపులో లేడు. నువ్వు సూసేక ఇంక నాను సూడ్డం ఎందుకనుకున్నాను."

నన్ను ఆయన అంత పెద్దవాణ్ణి చేసి పెట్టుకున్నాడని నాకు పదేళ్లలో ఎప్పుడూ తెలీదు.

"పాపకి నువ్వే సెప్పు" అని మాత్రం అన్నాడు.

చెప్పాను. అంతా విన్నాక మా అమ్మాయి, "నేను ఘాటు మీద స్టీరింగ్ దగ్గర కూర్చున్నప్పుడు కూడా మీకు తెలుసు కదా నాన్నా?" అని అడిగింది. తెలుసన్నాను. లేచి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం ఉదయం నా జీపు తాళాలు తీసుకుని ఎదురు తలుపు కొట్టింది. బావ చెప్పులేసుకుని దిగాడు. నన్ను ఎవరూ పిలవలేదు. బోటు ఇంజన్ దగ్గుతూ స్టార్టయింది. గేరు రెండుసార్లు పడలేదు, మూడోసారి పడింది. బావ ఏదో అన్నాడు, చాన్నాళ్లకు నా కూతురు నవ్వింది. బాల్కనీలో నిలబడి చూస్తున్నాను. దాని భయం పోతోందని నాకు సంతోషం కలగాలి. ముందు కలిగింది మాత్రం, బావ కూర్చున్న ఆ పక్కసీటు మీద అసూయ.