రేకు విప్పిన తెప్ప

గోపాల్‌పూర్ ఒడ్డున పోతయ్యకు దొరికిన పని ఏమిటో చెబితే నవ్వుతారు. తెల్లారగానే పది మైళ్లు సముద్రంలోకి పోయి, వల వెయ్యకుండా, కదలకుండా, తెప్పలో ఊరికే కూర్చోవాలి. కంటికి ఆననంత ఎత్తులో, వీపున రాడార్ మోస్తూ ఒక విమానం తిరుగుతుంది. వైమానిక దళం కోసం కొత్తగా తయారుచేస్తున్న విమానం. ఎంత చిన్నదాన్ని ఎంత దూరం నుంచి పసిగడుతుందో చూడ్డానికి కింద ఒక తెప్ప కావాలి. బాగా కనపడాలని అందులో పెద్ద ఇనప రేకు నిలబెట్టి కట్టారు.

జాలరివాడు ఒంటరిగా వేటకు పోడు. మాట కలపడానికైనా ఇంకొకడుండాలి. ఇక్కడ ఒక్కడే ఉండాలని షరతు. బరంపురంలో ఒక తెలుగు మాస్టారి కూతురు, ఆ విమానం పరీక్షలు చూసే ఇంజనీరు సుశ్మిత, గంటకోసారి వైర్‌లెస్‌లో పలకరించేది. మిగతా పొద్దంతా నీళ్లూ, అతనూ. పదిహేను రోజులు అలాగే గడపాలి. అయినా మానలేదు. అతనికి తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది.

తొమ్మిదేళ్ల కిందట తుపానులో తమ్ముడు పింటు తెప్పతో సహా పోయాడు. చిన్న తెప్ప ఏ యంత్రానికీ ఆనదని వెతికినవాళ్లు అన్నారు. పింటు పెళ్లాం బుజ్జమ్మ ఆ మాట పట్టుకునే బతుకుతోంది. కనపడనివాణ్ని ఎవరు మాత్రం కాపాడగలరు? ఈ విమానం సంగతి తెలిశాక మాత్రం ఆమెకు నిద్ర పట్టలేదు. దానికి ఉత్త తెప్ప కనపడుతుందేమో కనుక్కోమని బావను అడిగింది.

ఆఖరి రోజు పోతయ్య చెయ్యకూడని పని చేశాడు. రేకు విప్పి, తాడు కట్టి, నీళ్లలోకి దించేశాడు.

విమానం దాటిపోయాక వైర్‌లెస్ పలికింది. సుశ్మిత గొంతులో కంగారు.

"పోతయ్యన్నా, ఏటయింది? రేకు పడిపోయిందా?"

"నానే తీసీసినానమ్మా. నాను కనపడ్డానా?"



"కనపడ్డావన్నా. సన్నగానే. అయినా ఒక్కసారి కూడా తెర మీంచి తప్పిపోలేదు."

రేకు మళ్లీ కట్టమని, విమానం ఇంకోసారి వస్తుందని చెప్పింది. మందలించలేదు. పోతయ్య కట్టాడు. కట్టి, ఆ నీళ్ల మధ్య గొంతెత్తి ఏడ్చాడు. ఇలాంటి విమానం అప్పుడొకటి ఉండుంటే పింటు దొరికేవాడు.

సాయంత్రం బుజ్జమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏటన్నారు బావా?"

పోతయ్య ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"కనపళ్లేదంట."

ఆమె మెల్లగా తలూపి, కాళ్లు కడుక్కోమని నీళ్లు తెచ్చిచ్చింది.