చిరాగ్‌పల్లి దాటని సముద్రయాత్ర

నేను చేసిన పనికిమాలిన పనులన్నీ ఒకచోట కుప్ప పోస్తే, ఆ కుప్ప మీద జెండాలా నిలబడేది ఈ ప్రయాణమే. కంగారు పడకండి, ఇందులో ఎవరికీ దెబ్బలు తగల్లేదు, వ్యాను లోయలో పడలేదు. పడింది నా పరువు ఒక్కటే. దాన్ని కూడా ఎవరో తోయలేదు, నేనే చేతులారా తోసుకున్నాను.

డెబ్బైల చివరి రోజులవి. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, జహీరాబాద్ తాలూకా ఆఫీసులో గుమస్తాను. పెళ్లయిన కొత్తలో నా భార్య సులోచన నన్ను ఒకే ఒక్క కోరిక కోరింది, సముద్రం చూపించమని. అప్పటిదాకా ఆమె చూసిన పెద్ద నీళ్లంటే వానాకాలం పొంగిన వాగే. నేను పెద్ద మనసుతో సరేనన్నాను. మూడేళ్లపాటు అంతే పెద్ద మనసుతో వాయిదా వేశాను.

ఇంతలో ఆఫీసులో ఎవరో పారేసిన పాత పత్రికలో ఒక ఫోటో చూశాను. ఎక్కడి దేశం వాళ్లో, మోటారు బండిలోనే మంచం, పొయ్యి, కిటికీకి తెర అన్నీ పెట్టుకుని, కొండ అంచున బండి ఆపి, టీ తాగుతున్నారు. అంతే, నాకు పిచ్చి పట్టింది. మా బావమరిది మాణిక్‌కు ఒక పాత వ్యాను ఉండేది. దాంట్లో అల్లం, ఆలుగడ్డ బజారుకు తోలేవాడు. చక్రాలున్నాయి, కప్పుంది, ఇల్లు కావడానికి ఇంకేం కావాలి?

నెల రోజులు ప్లాను వేశాను. బడి పిల్లల అట్లాసు తెచ్చి ఎర్ర పెన్సిలుతో గీత గీశాను. ముందు సహ్యాద్రి కొండలు, తర్వాత కొండల మధ్య ఇరుకున ఉరికే నది, దాని లోయ, చివరికి కొంకణ్ తీరం. ఏ కొండ మీద టీ తాగాలి, ఏ మలుపులో వండుకోవాలి, ఏ ఒడ్డున నిలబడి సూర్యాస్తమయం చూడాలి, అన్నీ నోటుబుక్కులోకి ఎక్కించాను. సూర్యుడు నన్ను అడిగే కుంకుతాడన్నంత ధీమాగా ఉండేవాణ్ణి.

వ్యానులో రెండు చెక్క బల్లలు బిగించాం. కిరసనాయిలు స్టవ్వు, నీళ్ల డ్రమ్ము పెట్టాం. సులోచన తన పాత చీరను తెరలుగా కుట్టింది. ఎంత కడిగినా అల్లం వాసన పోలేదు. జలుబుకు మంచిదేలే అని మా అమ్మ సరిపెట్టుకుంది. అమ్మ అంతటితో ఆగకుండా ఇసుర్రాయి కూడా ఎక్కించింది. ఎందుకమ్మా అంటే, సముద్రం దగ్గర జొన్నపిండి ఎవరు ఇసిరి పెడతారని అడిగింది. నేను నోటుబుక్కు తీసి, సామాను జాబితాలో ఇసుర్రాయిని కూడా రాసుకున్నాను.

పంట ఇళ్లకు చేరే రోజులు కావడంతో ఆఫీసులో ఊపిరాడని పని. అయినా తహసీల్దారు గారి వెంటపడి, ఆయన విసుగెత్తేదాకా బతిమాలి, పది రోజుల సెలవు సంపాదించాను. ఆ కాగితం చూసి సులోచన ఒకే మాట చెప్పింది.

"ఎవ్వరికి చెప్పకున్రి. తెల్లారంగనే ఎల్లిపోదాం. సముద్రం చూసొచ్చినంక ఊరంత చెప్పుకుందాం."

చచ్చినా చెప్పనన్నాను. వారం తిరక్కముందే ఒక బంధువుల పెళ్లికి వెళ్లాం. విస్తరి ముందు కూర్చున్నాను. పప్పు వచ్చేదాకా ఆగాను, కూర వచ్చేదాకా ఆగాను. పెరుగు వచ్చేసరికి పంక్తి మొత్తానికి కొంకణ్ తీరం వర్ణించి చెబుతున్నాను. నెల రోజులు కడుపులో దాచుకున్న విషయం, మీరైతే మాత్రం ఆగుతారా?

ఆ పంక్తిలోనే ఝరాసంగంలో ఉండే మా మేనమామ, న్యాల్‌కల్‌లో ఉండే మా అక్క కూర్చుని ఉన్నారు. మామ చెయ్యి కడుక్కుంటూ, "అంత పెద్ద బండేస్కొని పోతున్నవు. మా ఇంటికి రాకుంటనే పోతవా అల్లుడా?" అన్నాడు. అక్క కళ్లు తుడుచుకుంది. అది ఇంకా ప్రమాదం.

మా వైపు పద్ధతి మీకు తెలియకపోతే చెబుతాను. బస్సులో తిరిగేవాడు చుట్టాల ఇంటికి రాకపోతే, పాపం వీలు కాలేదేమో అనుకుంటారు. బండి ఉన్నవాడు రాకపోతే కళ్లు నెత్తికెక్కాయంటారు. వచ్చినవాణ్ణి ఒక పూటకే పంపరు, ఉత్త చేతులతో అసలే పంపరు.

అలా ఒక శుభోదయాన, పడమటన ఉన్న సముద్రం కోసం నేను, సులోచన, అమ్మ, మాణిక్ నలుగురం తూర్పు వైపు బయలుదేరాం.

మామ ఇంట్లో రెండు రోజులు. బయలుదేరుతుంటే కొత్త జొన్నలు, కందులు మూటలు కట్టి వ్యానులో వేయించాడు. అక్కడి నుంచి అక్క ఇల్లు. మొదటి రోజు కోడి, రెండో రోజు వాళ్ల అత్తగారి తరఫు వాళ్ల పిలుపు, మూడో రోజు ఆ అత్తగారి చెల్లెలి అలక తీర్చడం. ప్రతి గడప నుంచీ ఒక మూట. మేం పడుకోవాల్సిన బల్లల మీద జొన్నలు పడుకున్నాయి. మాణిక్ స్టీరింగు మీద చెయ్యి వేసి, "బావా, ఐదు రోజులాయె. సముద్రం ఇంక జర దూరమే అయింది గని దగ్గరైతే కాలే" అన్నాడు. సులోచన తెర సర్దుకుంది.

ఆరో రోజు హైవే ఎక్కాం. చిరాగ్‌పల్లి వచ్చింది. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర వ్యాను ఆపారు.

ఆ రోజుల్లో ధాన్యం రాష్ట్రం దాటించాలంటే తాలూకా ఆఫీసు పర్మిట్ ఉండాలి. జహీరాబాద్‌లో ఆ పర్మిట్లు రాసే గుమస్తా ఎవరంటారా? మీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ నేనే.

చెక్‌పోస్టు మనిషి తెర ఎత్తి చూసి, పర్మిట్ ఉందా అన్నాడు. నేను నవ్వి, ఆ పర్మిట్లు ఇచ్చేదే నేనని చెప్పాను.

"అట్లయితే మీకు ఎరికే ఉండాలె గద సార్" అన్నాడు, ఎంతో మర్యాదగా.

వెనక నిలబడ్డ లారీ డ్రైవరు తల బయటపెట్టి, ఒక్క కాయితానికి మూడు రోజులు తిప్పిన సారు ఈయనేనని అందరికీ వినపడేలా చెప్పాడు. నా చెవులు కాలిపోయాయి.

సులోచన మెల్లగా, ఇంటికి పోయి మూటలు దించి మళ్లీ వద్దామంది. సాయంత్రానికల్లా సరిహద్దు దాటుతామంది. బుద్ధి ఉన్నవాడు ఆ మాట వినేవాడు. నాకు పౌరుషం ఉంది. పర్మిట్ గుమస్తాను, నా మూటలు నేనే దించుకోవాలా? బండిని తిన్నగా తాలూకా ఆఫీసుకు తోలించాను.

తహసీల్దారు గారు నన్ను చూసి, తప్పిపోయిన ఎద్దు ఇంటికొచ్చినట్టు మురిసిపోయారు. విషయం చెప్పాను.

"పర్మిట్లు రాసేటోడు సెలవుల ఉన్నడు గదనయ్యా."

"వాణ్ణి నేనే సార్."

"సెలవుల ఉన్నోని సంతకం చెల్లది. ముందుగల్ల డ్యూటీల చేరు, ఎనుకసిరి పర్మిట్ రాస్కో."

నిజమే కదా అనిపించింది. హాజరు పట్టీలో సంతకం పెట్టాను. తర్వాత దర్జాగా కూర్చుని పర్మిట్ రాసి, కింద ఇంకో సంతకం పెట్టి, ముద్ర కొట్టి, సిరా ఆరేదాకా ఊదాను. లేచేసరికి తహసీల్దారు గారు వరండా వైపు వేలు చూపించారు. ఆరు రోజులుగా పర్మిట్ల కోసం తిరుగుతున్న రైతులు బారుగా నిలబడి ఉన్నారు. నా సెలవు నేనే రద్దు చేసుకున్నానని అప్పుడు వెలిగింది.

పర్మిట్ పట్టుకుని వ్యాను దగ్గరికి వెళ్లి తల వంచుకుని చెప్పాను. సులోచన కాసేపు నా వైపు, కాసేపు నా చేతిలో కాగితం వైపు చూసింది.

"మాణిక్, మూటలన్ని ఈడనే దించు" అంది. తర్వాత నా వైపు తిరిగి చెయ్యి చాపింది. "ఆ నోటుబుక్కు ఇటియ్యున్రి. మాకైతే సెలవు అక్కర లేదు."

అమ్మ దిగుతుందేమో అనుకున్నాను. కిటికీలోంచే, పైలంగా ఉండు బిడ్డా అంది.

వ్యాను మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. దాచడమెందుకు, ఏడుపొచ్చింది. మూడేళ్లుగా ఆమెకూ సముద్రానికీ మధ్య అడ్డంగా ఉన్నది నేనేనని తెలిసి, ఏడుపు కన్నా సిగ్గు ఎక్కువేసింది.

వారం తర్వాత సులోచన రాసిన కార్డు వచ్చింది. ఆఫీసు చిరునామాకు రాసింది కాబట్టి తహసీల్దారు గారి నుంచి బంట్రోతు దాకా అందరూ చదివాకే నా బల్ల మీదికి చేరింది.

"కొండలు, లోయ మీరు రాసినట్టే ఉన్నయి. సముద్రం మస్తుగున్నది. అత్తమ్మ నీళ్లల్లకెళ్లి బయటికి వస్తలేదు. జొన్నలు జర ఎండల పొయ్యున్రి, పురుగు పడ్తది."

ఆ ఆదివారం జొన్నలు ఎండబోసి, వాటి పక్కన కూర్చుని, సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ ప్రయాణం గురించైనా బండి రాష్ట్రం దాటాకే నోరు విప్పుతాను, సెలవులో ఉన్నప్పుడు తాలూకా ఆఫీసు ఉన్న వీధిలో అడుగు పెట్టను. ఆ ప్రమాణం ఈ రోజు దాకా తప్పలేదు. తప్పే అవకాశం సులోచన ఇస్తే కదా. ఆ తర్వాత మా ప్రయాణాలన్నీ ఆమే ప్లాను వేసింది, బయలుదేరే పొద్దున దాకా నాకు కూడా చెప్పలేదు.