బ్రేకు మీద ఉందనుకున్న కాలు

ఈ మధ్య చెప్పులు సరిగా తయారు చేయడం లేదు. సూర్యాపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. పోయిన సంవత్సరం జూలైలో ఒకరోజు స్టాఫ్ రూము నుంచి క్లాసుకు నడిచి వెళ్ళి, బోర్డు మీద న్యూటన్ మొదటి సూత్రం రాసి వెనక్కి తిరిగితే పిల్లలు నా మొహం బదులు కాళ్ళు చూస్తున్నారు. కుడికాలికి చెప్పు లేదు. అది వరండాలో నీళ్ళ డ్రమ్ము పక్కన ఆగిపోయి ఉంది. షాపువాడు బెల్టు వదులుగా ఉన్నది అంటగట్టాడని వేరే షాపులో ఇంకో జత కొన్నాను. వారంలో అదీ ఊడింది. అప్పుడు ఆ షాపువాళ్ళిద్దరినీ వదిలేసి చెప్పుల పరిశ్రమ మొత్తాన్ని అనుమానించాను.

చెప్పు ఊడితే ఊడింది, ఊడిన సంగతి కాలికి తెలియాలి కదా అన్న ఆలోచన మాత్రం రాలేదు. నా బుర్ర అప్పటికే వేరే పనిలో ఉంది.

ఆ పని ఏమిటంటే, ఇరవై నాలుగు గంటల్లో పదహారు వందల కిలోమీటర్లు బైకు నడపడం. సూర్యాపేటలో బయల్దేరి విజయవాడ, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ తిరిగి మళ్ళీ సూర్యాపేట. పూర్తి చేస్తే ఒక సర్టిఫికెట్, ఒక స్టిక్కరు ఇస్తారు. నలభై నాలుగేళ్ళ మనిషికి ఇది సమంజసంగానే తోచింది. నా భార్య పద్మకు తోచలేదు. ఆమెది కోదాడ, హైస్కూల్లో సోషల్ టీచరు. నిద్రొస్తే ఏం చేస్తారని ఒక్కటే ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

రైడ్ జనవరిలో. ప్రాక్టీసు ఆగస్టులో మొదలుపెట్టాను. ఆదివారం తెల్లవారుజామున సూర్యాపేట నుంచి కోదాడ, అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ, మళ్ళీ సూర్యాపేట. సుమారు నూట యాభై కిలోమీటర్ల చుట్టు. మొదట ఒకటి, తర్వాత రెండు, దసరా నాటికి ఆగకుండా మూడు. కడుపు బరువుగా ఉంటే నిద్ర వస్తుందని రైడర్ల గ్రూపులో ఎవరో రాస్తే మాంసం, గుడ్లు మానేసి మజ్జిగన్నం, అరటిపండ్ల మీద బతికాను. గంటల తరబడి ట్యాంకు మీదికి వంగి కూర్చుంటే ఛాతీలో మంట మొదలైంది. పొద్దున పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ళకు సాయంత్రం ఇంకొకటి కలిపాను. పద్ధతిగా తయారవుతున్నానని నాకు నేనే మెచ్చుకున్నాను.

అప్పుడు వెనక బ్రేకు మొరాయించింది. నొక్కితే ఒక్కోసారి పడేది కాదు. మిర్యాలగూడలో నా బండి చూసే మెకానిక్ సైదులు. పెడల్ కిందికి ఉందన్నాను, పైకి జరిపాడు. తర్వాతి ఆదివారం పైకి ఉందన్నాను, కిందికి జరిపాడు. మూడో ఆదివారం, పని సాగదీస్తున్నాడేమోనని పక్కనే నిలబడి చూశాను. సైదులు చేతులు తుడుచుకుని, బండిని కాకుండా నా బూటును చూశాడు.

"పెడల్ ఉన్నకాడనే ఉన్నది సార్. మీ కాలే ఎటో పోతున్నది."

పని రానివాడు మాట్లాడే మాట ఇదేనని మెకానిక్‌ను మార్చాను.

నవంబరులో హుజూర్‌నగర్ దాటాక రోడ్డుకు సగం వడ్లు ఆరబోశారు. ఎదురుగా ట్రాక్టరు. బ్రేకు నొక్కాను. నొక్కాననే ఇప్పటికీ చెప్పగలను, కానీ కాలు పెడల్ మీద లేదు, దాని పక్కన గాలిలో ఉంది. బండి వడ్లలోకి వెళ్ళి, నింపాదిగా నన్ను పక్కకు దించింది. వడ్లకు కాపలా ఉన్న ముసలమ్మ వచ్చి నిలబడింది.

"తారు మీద పడితే తెలుస్తుండె బిడ్డా. లే ఇగ, వడ్లు నలుగుతున్నయ్."

ఇంట్లోవాళ్ళకు, దారిలో కుక్క అడ్డం వచ్చి పడ్డానని చెప్పాను. ఆ మర్నాటి నుంచి మా పాపను బండి మీద స్కూలుకు దింపడం మానేశాను. కాలేజీ టైము మారిందన్నాను. ఎందుకు మానేశావని నన్నెవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

చెప్పుల గురించి మాత్రం పద్మకు తెలుసు. ఆమె పట్టుబట్టి కోదాడలో వాళ్ళ పుట్టింటివాళ్ళకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కూర్చోమనక ముందే వారానికి ఎన్ని కిలోమీటర్లు నడుపుతారని అడిగాడు. ఆయనకెవరు చెప్పారు? రైడ్ ఆపడానికి ఇద్దరూ కలిసి వేసిన పథకం ఇదని నాకు అర్థమైపోయింది. నా చేతిలో హెల్మెట్ ఉందన్న సంగతి బయటికి వచ్చాక గుర్తొచ్చింది.

నాకు ఆరేళ్ళుగా షుగర్ ఉంది. దానివల్లే కాళ్ళ నరాలు దెబ్బతిని ఉండొచ్చని, డయాబెటిక్ న్యూరోపతి అంటారని చెప్పి ఆ కోదాడ డాక్టరు షుగర్ బిళ్ళ డోసు పెంచాడు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగాడు. లేదన్నాను. నా ఉద్దేశంలో అది నిజం.

డోసు పెంచినా తగ్గలేదు, పెరిగింది. అరికాళ్ళ కింద ఎప్పుడూ ఒక మందపాటి దుప్పటి పరిచినట్టు ఉండేది. జనవరిలో రైడ్ తేదీ వచ్చింది. జలుబని గ్రూపులో రాసి ఊరుకున్నాను. ఫిబ్రవరిలో ఒక పొద్దున మొహానికి సబ్బు పెట్టుకుని కళ్ళు మూయగానే పక్కకు ఒరిగిపోయాను. నల్లా పట్టుకోవడం వల్ల పళ్ళు మిగిలాయి. బాత్రూమ్ టైల్స్ వేసినవాడిని అనుమానించబోతుండగా పద్మ తలుపు బయటి నుంచి, ఇవాళ సూర్యాపేటలోనే న్యూరాలజిస్టు దగ్గరికి పోతున్నామని చెప్పింది.

ఆ డాక్టరు నా కళ్ళు మూయించి, ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి మీద పెట్టి, అదురు తెలుస్తోందా అన్నారు. తెలియడం లేదు. సరిగా కొట్టలేదేమో అన్నాను. పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు ట్యూనింగ్ ఫోర్క్ ఎలా కొట్టాలో చెప్పే మనిషిని. ఆయన నవ్వకుండా ఫోర్క్ నా చేతికిచ్చారు. నేనే కొట్టాను, పద్ధతి ప్రకారం. మోచేతి మీద పెట్టుకుంటే జివ్వుమంది. బొటనవేలి మీద పెట్టుకుంటే ఇనుప ముక్క. చీలమండ మీదా ఇనుప ముక్కే. ఇంకోసారి కొట్టి చూశాను. అనుమానించడానికి ఆ గదిలో ఇంకెవరూ మిగల్లేదు.

ఎప్పుడైనా బండి మీద నుంచి పడ్డారా అని డాక్టరు అడిగారు. వడ్ల సంగతి చెప్పాల్సి వచ్చింది. పక్కనే ఉన్న పద్మ కుర్చీ కొంచెం అటు జరుపుకుంది. అలాంటివి ఏ రిపోర్టులోనూ రావు.

నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతుందో చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు, రక్తం తీశారు. నరాలకు కావాల్సిన విటమిన్ బి12 బాగా తక్కువ వచ్చింది. ల్యాబ్ మీద నమ్మకం లేక మిర్యాలగూడ వెళ్ళి ఇంకోచోట రక్తం ఇచ్చాను. అక్కడా అంతే. రెండు ల్యాబ్‌లూ కుమ్మక్కయ్యే వీలుందా అని బస్సులో కొంతసేపు ఆలోచించాను.

రిపోర్టులు చూసి డాక్టరు మళ్ళీ అడిగారు, ఏమేం మందులు వాడుతున్నారని. షుగర్ బిళ్ళ ఒక్కటే అన్నాను.

"మరి గ్యాస్ బిళ్ళో?" అంది పద్మ.

"అది మందు కాదు కదా."

డాక్టరు పెన్ను కింద పెట్టారు. మా ఇంట్లో గ్యాస్ బిళ్ళ వంటగదిలో చాయ్‌పత్తా డబ్బా పక్కన ఉంటుంది. చుట్టాలొస్తే చాయ్‌తో పాటు అదీ కావాలా అని అడుగుతాం. దాన్ని మందుల్లో కలపడం నాకు తోచలేదు. ఎన్నేళ్ళ నుంచని ఆయన అడిగితే, మా పాప ఒకటో తరగతిలో చేరినప్పటి నుంచని పద్మ చెప్పింది. పాప ఇప్పుడు తొమ్మిది చదువుతోంది.

"షుగర్ గోలీ, గ్యాస్ గోలీ రెండూ గిన్నేండ్లు వాడితే బి12 ఒంటికి పట్టది సార్," అన్నారు డాక్టరు. "మీరు పైనుంచి గుడ్లు, మటన్ గూడ బంద్ చేసిన్రు. ఏం మిగులుతది?"

అంటే రైడ్ కోసం నేను పద్ధతిగా చేసిన ప్రతి పనీ కాలిని ఇంకొంచెం దూరం తీసుకెళ్ళింది.

ఇంజెక్షన్లు మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. గ్యాస్ బిళ్ళ మెల్లగా తగ్గించి ఆపించారు. ఆపిన మూడు వారాలు ఛాతీలో పొయ్యి పెట్టినట్టుంది. అది తగ్గేలోపు పాదాల్లో మంట మొదలైంది. పొద్దుటిదాకా ఏమీ తెలియని కాళ్ళు సాయంత్రానికి అన్నీ తెలుసుకుంటున్నాయి. మందు కల్తీదని తేల్చుకుని డాక్టరుకు ఫోన్ చేశాను. నరం పని మొదలుపెట్టినప్పుడు అట్లనే ఉంటది, జర ఓపిక పట్టండి అన్నారు. పట్టాను. ఇంకో దారి ఉంటే పట్టేవాడిని కాదు.

ఇప్పటికి తొమ్మిది నెలలు. చెప్పులు కాళ్ళకే ఉంటున్నాయి. కళ్ళు మూస్తే కాళ్ళ ఆచూకీ ఇంకా పూర్తిగా తెలియదు కనుక మొహం కడిగేటప్పుడు ఒక చెయ్యి గోడ మీద పెట్టుకుంటాను. చిటికెన వేళ్ళు రెండూ ఇంకా సాక్సులో ఉన్నట్టే ఉంటాయి. అవి పూర్తిగా రాకపోవచ్చని డాక్టరు చెప్పారు. మిర్యాలగూడ వెళ్ళి సైదులును కలిసి సంగతి చెప్పాను. ఆయన పొంగిపోలేదు. పెడల్ మొదట ఉన్నచోటికి జరిపి ఇచ్చాడు. డాక్టరు ఒక చుట్టుకు ఒప్పుకున్నారు, గంటకోసారి దిగి నడవాలన్న షరతుతో.

చదివేవాళ్ళకు చెప్పేది ఒకటే. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఇంట్లో నోట్లో వేసుకునే బిళ్ళలన్నీ, మీరు మందు అనుకోనివి కూడా, ఒక కవర్లో వేసి తీసుకెళ్ళి బల్ల మీద కుమ్మరించండి. ఏది మందో ఏది కాదో ఆయన చూసుకుంటారు. నన్ను చూసి ఏ బిళ్ళా మీ అంతట మీరు ఆపకండి.

వచ్చే జనవరిలో మళ్ళీ రైడ్ ఉంది. పదహారు వందలు కాదు, పగటిపూట ఐదు వందలది. డాక్టరు చూద్దామన్నారు. దానికి ఒక కాగితం ఉంటుంది. రైడర్ ఫలానా టైముకు, బండి నడిపే స్థితిలో, ఫలానా చోట బయల్దేరాడని ఒక సాక్షి సంతకం చేయాలి. మొన్న సాయంత్రం పద్మ జవాబు పత్రాలు దిద్దుతుంటే ఆ కాగితం ముందు పెట్టాను. రెండుసార్లు చదివింది. ఎర్ర పెన్ను పక్కన పెట్టి నీలం పెన్ను తీసుకుంది.

"మీరు బయల్దేరారని రాసిస్తా. బాగున్నారని మాత్రం రాయను. దానికి సాక్ష్యం మీ మాటొక్కటేగా."