బోణీ బేరంలో కొన్న కత్తి

మా నాన్న దుకాణానికి రావడం మానేసింది పక్షవాతం వల్ల కాదు, గడ్డం వల్ల. ఈ సంగతి డాక్టరుగారికి చాలా రోజులు అంతుపట్టలేదు.

అమలాపురంలో మాది కిరాణా కొట్టు. జబ్బు చేసిన మూడో నెలకి నాన్న కర్ర పట్టుకుని నడవగలిగారు. ఎడమ చెంప మాత్రం జారిపోయింది, మాట ముద్దముద్దగా వచ్చేది. "నలుగురి మాటా చెవినపడితే ఆయన మాటా తిరుగుతుందండీ. రోజూ కాసేపు కొట్లో కూర్చోబెట్టండి" అన్నారు డాక్టరుగారు. నాన్న తన గడ్డం పట్టుకుని చూపించి, తల అడ్డంగా ఊపారు. గడ్డం పెరిగిన మనిషి గల్లాపెట్టె ముందు కూర్చుంటే ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు. మైల కొట్లో పసుపూ కుంకుమా ఎవరు కొంటారు? ఆయన ఆలోచన అది. వ్యాపారస్థుడిగా నేను కాదనలేకపోయాను.

ఇరవై ఏళ్లు రోజు విడిచి రోజు మా అరుగు మీద ఆయనకు గడ్డం గీసిన మనిషి అంతకుముందు వానల్లోనే పోయాడు. వేరే అతన్ని పిలిపిస్తే నాన్న ముఖం గోడవైపు తిప్పుకున్నారు. నేను బ్లేడు బిగించే కొత్తరకం రేజరు తెచ్చి ఆ జారిన చెంప మీద రెండు గాట్లు పెట్టాను. ఆ తరువాత నా చేతిలో సబ్బు కనిపిస్తే చాలు, దుప్పటి ముఖం మీదికి లాక్కునేవారు.

అలాంటి రోజుల్లో ఒక సంతనాడు, పోయిన ఆ మనిషి భార్య గోనెపట్టా పరిచి భర్త పొదిలోని సామాను అమ్మకానికి పెట్టింది. కత్తెర, ఇత్తడి గిన్నె, అద్దం, తుప్పు పట్టిన ఒక మంగలికత్తి. యుద్ధానికి వెళ్లివచ్చిన సిపాయి ఒకడు ఇచ్చిన జర్మనీ కత్తి అది. ఆ చేయి ఎలాగూ రాదు, కనీసం ఆ కత్తి చూస్తేనైనా నాన్న చెంప చూపిస్తారని నాకు తోచింది.

నేను ఇంకా ఎవరూ రాకముందే వెళ్లాను. మొదటి బేరం పోతే రోజంతా పోయినట్టేనని అమ్మేవాళ్ల భయం. కొనేవాడికి అదే బలం. ఈ విద్య మా నాన్న నేర్పిందే.

"ఆ కత్తెంతమ్మా?"

"ఐదు రూపాయలు బాబూ. జర్మనీ సరుకు."

"తుప్పు కూడా జర్మనీదేనా?"

"తుప్పు మన వానలదే. తుడిచే మనిషి లేపోయేడు."

"రెండిస్తాను."

ఆవిడ కత్తి మడిచి పక్కన పెట్టింది. నేను వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాను. ఐదో అడుగు పడేలోపు పిలుస్తుందని తెలుసు. పిలిచింది.

"బోణీవేళ తిప్పిపంపలేను గానీ తీసుకో. పుట్టినప్పుడూ ఇలాగే గుప్పిళ్లు బిగించుకునే వచ్చేవు నాయనా."

పక్కన కూరగాయలవాళ్లు నవ్వారు. మా ఇంట్లో పురుళ్లన్నీ పోసింది ఆవిడే. నేనూ నవ్వాను. కత్తి నాన్న కోసమని మాత్రం చెప్పలేదు. అవసరం తెలిస్తే ధర దిగదని నా లెక్క.

ఇంటికి తెచ్చి చింతపండుతో తోమి, మెత్తటి ఇటుకపొడితో రుద్ది, కొబ్బరినూనె పట్టించాను. తుప్పు కింద నుంచి తెల్లటి ఉక్కు బయటపడింది. కొమ్ముతో చేసిన పిడి వదులైతే కంసాలి ఇత్తడి మేకు వేసి బిగించాడు. ఇక పదునే తరువాయి. అక్కడ నా తెలివి మళ్లీ పనిచేసింది. కొబ్బరికాయల కత్తులకు సానపట్టేవాడు వీధిలోకి వస్తే, రెండు కత్తిపీటలతో కలిపి ఒకే కూలికి దీన్నీ పట్టమన్నాను. చక్రం తిరిగింది, నిప్పురవ్వలు లేచాయి. అంచు పొడుగునా కత్తి ఆ వేడికి నీలంగా కమిలి, పదును చచ్చిపోయింది. నా ముంజేతి మీద ఒక్క వెంట్రుకను కూడా కోయలేదు.

కాలవ అవతల ఆవిడ ఇంటికి వెళ్లక తప్పలేదు. వెనకటి రోజుల్లో భర్త కత్తులన్నీ నూరింది ఆవిడేనని అమ్మ చెప్పింది. ఆవిడ కత్తిని వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూసింది.

"దీన్ని చక్రం మీద పెట్టేవా? కూరగాయలు తరుక్కుందామనా?"

"నాన్నకి గడ్డం గీద్దామని."

ఆవిడ చేయి ఆగింది. "సంతలో ఆ ముక్క ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే..."

"చెప్తే ఊరికే ఇచ్చేదాన్ని గదా."

నా జీవితంలో నేను చేసిన బేరాలన్నిటిలోకీ అదే అధ్వాన్నపు బేరమని అక్కడే తెలిసింది. తల దించుకున్నాను.

నీలం అరిగిపోయేదాకా ఆవిడ మూడు రోజులు సానరాయి మీద నీళ్లు చిలకరిస్తూ నూరింది. తోలుపట్టీ మీద ఎలా తిప్పాలో, చెంపకి కత్తిని ఎంత వాల్చాలో నాకు చూపించింది. "లేత బూడిదగుమ్మడికాయ మీద నూగు గియ్యి. కాయకి గీటు పడకపోతే అప్పుడు మనిషి దగ్గరికెళ్లు" అంది. ఆరు కాయలు గీశాను. మా ఇంట్లో వారం రోజులు గుమ్మడికాయ పులుసే. కూలి ఎంతని అడిగితే, "మా ఆయన పని అది. దానికి డబ్బేంటి" అంది. డబ్బు మిగిలిందని లోపల ఏ మూలో సంతోషించాను. అబద్ధమెందుకు చెప్పాలి.

ఒక బుధవారం పొద్దున్నే నాన్నను అరుగు మీద కూర్చోబెట్టాను. తోలు మీద కత్తి తిరుగుతున్న చప్పుడు విని ఆయన కళ్లు మూసుకున్నారు. దుప్పటి కోసం చేయి వెళ్లలేదు. సబ్బు రాసి కుడి చెంప గీశాను. ఒక్క గాటు పడలేదు. ఎడమ చెంప మీద వేలు పెట్టి చర్మం బిగించి పట్టుకోగానే ఆయన కళ్లు తెరిచి కత్తిని చూశారు.

"ఎం...త?"

అలవాటు కొద్దీ గొప్పగా చెప్పాను. "రెండు రూపాయలే. పొద్దున్నే వెళ్లాను, ఎవరూ రాకముందు."

"చె...ప్పింది?"

"ఐదు."

ఆయన పని చేసే చేత్తో ఎడమ చెంప కప్పుకున్నారు.

"మూడు" అన్నారు. జబ్బు పడ్డాక ఆయన నోట తడబడకుండా వచ్చిన మొదటి మాట అది.

"మిగతా మూడూ మధ్యాహ్నం ఆవిడకిస్తాను నాన్నా, ముందిది పూర్తికానీ." చేయి తీయలేదు. సబ్బు నురగ వేళ్ల సందుల్లోంచి కారుతోంది. సగం గడ్డంతో వీధి అరుగు మీద, వచ్చేపోయేవాళ్లందరి ఎదటా, మా నాన్న అలా కూర్చుండిపోయారు.

గల్లాలోంచి మూడు రూపాయలు తీసుకుని తాటిపట్టెల వంతెన దాటి పరుగులాంటి నడకతో వెళ్లాను. ఆవిడ వాకిలి ఊడుస్తోంది.

"నువ్విస్తే తీసుకోను" అంది డబ్బు చూసి.

"నేను కాదు, నాన్న పంపేరు."

చీపురు కింద పెట్టి చేయి చాచింది. డబ్బు చూడకుండానే బొడ్లో దోపుకుంది. "గడ్డం అయిందా?"

"సగం అయింది. నీకివ్వందే రెండో చెంప ముట్టుకోనివ్వడం లేదు."

ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. "సబ్బు ఎండిపోద్ది. వెళ్లు బాబూ" అంది.

నేను తిరిగొచ్చేసరికి సబ్బు ఆయన వేళ్ల మీద సున్నంలా ఎండిపోయి ఉంది. ఏమీ అడగకుండా చేయి తీశారు. మళ్లీ తడిపి నురగ రాసి, ఆ జారిన చెంప చివరిదాకా గీశాను.

ఆ రోజు కొట్టు ఆలస్యంగా తెరిచాం. నాన్న గల్లాపెట్టె ముందు కూర్చున్నారు. బోణీ బేరం ఆయనే చేశారు. ఎంతకిచ్చారని నేను అడగలేదు.