గుడ్డ కప్పిన పంజరం

మా తణుకులో ఎరువుల కొట్టు నడిపే ఒకాయన ఇంట్లో కాకటీల్ పిట్టల్ని పెంచేవారు. నాకూ అదే సరదా. మనం దేనివైపు చూసినా ఆయన అరచేయి అడ్డం పెట్టేవారు. గూటిలో గుడ్లు చూడబోతే చెయ్యి, గింజల డబ్బావైపు తలతిప్పితే చెయ్యి. ఏదో దాస్తున్నారని మా పిట్టలవాళ్ళందరికీ అనుమానమే.

రెండేళ్ళ కిందట రాజమండ్రిలో పిట్టల పోటీకి ఇద్దరం ఒకే కారులో వెళ్ళాం. ఆయన పోటీలో పెట్టింది ఒక్క పోతుపిట్టనే, కానీ తెచ్చినవి రెండు పంజరాలు. రెండోదానికి నల్లగుడ్డ కప్పి, బల్ల కింద కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. అందులో అచ్చం అలాంటి పిట్టే ఉందని, పోతు డీలాపడితే అదును చూసి మార్చేస్తారని గుసగుసలు మొదలయ్యాయి. నేనూ నమ్మాను. చివరికి నిర్వాహకుడు వచ్చి గుడ్డ తీయమన్నాడు.

"తీయనండి. కాదంటే పోటీలోంచి తప్పుకుంటాను," అన్నారాయన.

అన్నట్టే పంజరాలు రెండూ పట్టుకుని బయటికి వచ్చేశారు. మొదటి బహుమతి కప్పు ఆ పోతుదేనని అప్పటికే అందరూ అనుకుంటున్నారు.

తిరిగొస్తూ రావులపాలెంలో టీకి ఆగాం. ఉండబట్టలేక అడిగేశాను. "అందులో ఏముందండీ?"

ఆయన చుట్టూ చూసి, గుడ్డ అంచు కాస్త ఎత్తారు. లోపల ముసలి పెట్ట. తన ఈకలు తనే పీక్కుని, మెడ నుంచి తోక దాకా బోడిగా ఉంది.

"వాడి తల్లండి. దీని కూత వినబడకపోతే కొత్తచోట వాడు బెదిరిపోతాడు."

"ఆ మాట చెప్పి అక్కడే చూపించేస్తే కప్పు మీదే కదండీ!"

"అంతమందిలోనా? దీన్ని చూసి నవ్వరూ?" అంటూ ఆయన గుడ్డ కిందికి లాగేశారు.