తుడిపేశానని చెప్పిన రోజు

శ్రీకాళహస్తి బస్టాండు దగ్గర నాకొక చిన్న డీటీపీ, జిరాక్సు షాపు ఉంది. మొన్న వేసవిలో పాత కంప్యూటర్లు మూడూ తీసేసి కొత్తవి పెట్టాను. ఒకరోజు పొద్దున రేణిగుంట నుంచి పాత సామాన్ల వ్యాపారి వచ్చి వాటిని ఆటోలో వేసుకుపోయాడు. షాపులో కాస్త జాగా మిగిలిందని సంతోషపడ్డాను.

ఆ రోజు మధ్యాహ్నమే ఒకామె వచ్చింది. కలంకారీ బట్టలకు రంగులు వేసే మనిషి. ఏడాది కింద నా పక్కన కూర్చుని, భర్త పోయినప్పటి నుంచి బావ తనను ఎట్లా వేధిస్తున్నాడో చెప్పి, పోలీసులకు అర్జీ టైపు చేయించుకుంది. కాగితం చేతికిచ్చాక చాలాసేపు చూసి, చించి నా చెత్తబుట్టలోనే వేసి వెళ్ళిపోయింది. ఈసారి రేషన్ కార్డు జిరాక్సు కోసం వచ్చింది.

"పాత కంప్యూటరు యాడికి పాయనక్కా?"

"అమ్మేసినా."

"నేను రాయించింది దాంట్లోనే ఉండాది గదా. తుడిపేసినావా?"

"తుడిపేసినా" అన్నాను.

నిజానికి ఏదీ తుడపలేదు. ఆ ఆలోచనే రాలేదు. ఆమె వెళ్ళాక నాకు పని సాగలేదు. ఒకాయన దరఖాస్తులో పుట్టిన తేదీ రెండుసార్లు తప్పు కొట్టాను. బయటికి వచ్చాను, లోపలికి వెళ్ళాను. వ్యాపారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ అర్జీ ఎవరి కంటనో పడి, తిరిగి తిరిగి ఆ బావ దాకా పోతే? మూడింటికి షట్టరు దించి రేణిగుంట బస్సెక్కాను. సీటు దొరికినా కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడ్డాను.

నేను వ్యాపారి కొట్టుకు పోయేసరికి కంప్యూటర్లన్నీ విప్పేసి, హార్డ్ డిస్కులను ఒక టబ్బులో పడేసి ఉన్నారు.

"నాయి మూడు డిస్కులు ఇచ్చేయప్పా" అన్నాను వ్యాపారితో.

"ఏవి నీవో నాకెట్ల తెలుస్తాదమ్మా? పొద్దున్నించి నాలుగు సోట్ల నించి తెచ్చినా."

"అయితే అన్నీ పగలగొట్టు."

"ఏముండాది దాంట్లో?"

"ఒకామె నన్ను నమ్మి చెప్పుకున్న మాటలు."

"ఎట్లాగూ కరిగించేవే, నువ్వే కొట్టు" అని ఆయన సుత్తి తెచ్చిచ్చాడు. కొన్ని గాజులా పగిలాయి. కొన్ని వంగాయే గాని విరగలేదు. వాటిని మళ్ళీ మళ్ళీ కొట్టాను. అరచెయ్యి బొబ్బలెక్కింది. తిరుగు బస్సులో, ఒకటేమైనా ఆటోలోనే ఉండిపోయిందేమో అనిపించి, మళ్ళీ ఫోన్ చేసి ఆయనతో వెతికించాను.

మరునాడు ఆమె పనిచేసే చోటికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. నిన్న అబద్ధం ఆడానని కూడా చెప్పాను. ఆమె కుంచె పక్కన పెట్టింది గాని నా వైపు చూడలేదు.

"నిన్న నువ్వు తుడిపేసినా అంటే నాకు నిమ్మళం కాలేదక్కా. నా మాట ఉండింది ఆ ఒక్క సోటే, అదీ లేకుండా పాయనే అనిపించింది."

సాయంత్రం షాపుకు వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ అర్జీ మళ్ళా కొట్టు. ఈసారి సించను."

కొత్త కంప్యూటర్లో తెలుగు అక్షరాలు నాకింకా కుదరలేదు. ఒక్కో మాటకు తడుముకుంటుంటే ఆమె ఆగి, మొదటిసారి చెప్పనివి కూడా చెప్పింది. మరుసటి రోజు ఇద్దరం కలిసి స్టేషనుకు వెళ్ళి అర్జీ ఇచ్చాం. వచ్చేటప్పుడు ఆమె నా కంటే ముందు నడిచింది.