పక్కింటావిడ బొంత

డెబ్బైల్లో మేము పాడేరులో ఉండేవాళ్లం. నేను చిరిగాయని పారేసిన చీరలు, పాత గొడుగు గుడ్డ అడిగి పట్టుకెళ్లి పక్కింటావిడ బొంత కుట్టింది. నా పెళ్లిచీర అంచు అందులో నెమలి తోకైంది. మా ఆయన కూడా ఆగి, "ఎంత బాగుందో!" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

చలికాలంలో మా పాపకు జ్వరమొస్తే, ఆవిడే ఆ బొంత తెచ్చి కప్పింది. "గుంట సలికి వణికిపోతంది. మీకాడే ఉంచండమ్మా" అంది.

జ్వరం తగ్గాక, పంతం కొద్దీ నేనూ ఒక బొంత కుట్టి కప్పబోయాను. పాప దాన్ని కాళ్లతో తన్నేసి, "అత్త బొంతే కావాలి" అని ఏడ్చింది.

"ఆ నెమలి తోక నా చీరేనే!" అన్నాను ఉక్రోషంగా.

"మరి నువ్వెందుకు కుట్టలేదు?" అంది పాప.

ఆ తర్వాత మా ఇంట్లోంచి ఒక్క పాతగుడ్డ కూడా పక్కింటికి పోనివ్వలేదు.